కత్తెర ఎవరి చేతిలో ఉండాలి?

ఈసారి చెన్నై నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటి సారాంశం ఒక్కటే. కుక్కకో పిల్లికో స్నానం చేయించడం, బొచ్చు కత్తిరించడం, గోళ్లు తీయడం ఇంట్లోనే చేసుకోవచ్చా, లేక డబ్బిచ్చి గ్రూమర్‌కు అప్పగించాలా అని పాఠకులు అడిగారు. వాటిలో ఐదింటికి పశువైద్యురాలిగా నాకు తెలిసినంతలో ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా ఇంట్లో రెండేళ్ల షిట్జూ కుక్క ఉంది. నెలకోసారి పెట్ పార్లర్‌కు తీసుకెళ్తే స్నానం, కటింగ్, గోళ్లు అన్నీ కలిపి 1,800 రూపాయలు తీసుకుంటున్నారు. పోయిన నెల బొచ్చు బాగా చిక్కుపడిందని చెప్పి మొత్తం గొరిగేసి పంపారు. చంకల దగ్గర చర్మం ఎర్రగా కందింది. ఆ డబ్బుతో బొచ్చు కత్తిరించే మంచి మిషన్ (క్లిప్పర్) కొంటే కొద్ది నెలల్లో ఖర్చు తిరిగొస్తుందని, వీడియోలు చూసి తానే చేస్తానని మావారు అంటున్నారు. నాకేమో భయంగా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, అన్నా నగర్

జవాబు: అమ్మా, మీ ఇంట్లో చర్చ క్లిప్పర్ కొనాలా వద్దా అన్న దగ్గర ఆగిపోయింది గానీ, అసలు లోటు అక్కడ లేదు. ఇందులో రెండు పనులున్నాయి. రోజూ దువ్వడం ఒకటి, కొన్ని వారాలకోసారి కత్తిరించడం ఇంకొకటి. మొదటిది పూర్తిగా ఇంటివాళ్ల పని. ఎంత డబ్బిచ్చినా, ఎంత నేర్పరి అయినా, నెలకోసారి చూసే గ్రూమర్ దాన్ని మీ బదులు చేయలేరు. రెండోది మాత్రం చేయి తిరిగినవారికి వదిలిపెట్టడమే మంచిది.

షిట్జూ, లాసా ఆప్సో, మాల్టీస్, పూడిల్ వంటి జాతుల బొచ్చు మన తలవెంట్రుకల మాదిరిగా పెరుగుతూనే ఉంటుంది. ఊడిన వెంట్రుక నేల మీద రాలకుండా పక్క వెంట్రుకల్లోనే చిక్కుకుంటుంది కాబట్టి, రెండు మూడు రోజులు దువ్వెన పడకపోతే చెవుల వెనుక, చంకల్లో, తొడల లోపలివైపు, తోక మొదట్లో, ఛాతీకి కట్టే పట్టీ (హార్నెస్) రాసుకునే చోట చిన్న ఉండలు కడతాయి. ఆ ఉండల మీద నీళ్లు పడితే అవి ఇంకా బిగుసుకుని అట్టకడతాయి. చెన్నైలోని ఉక్కపోతకు ఆ అట్ట కింద చర్మం ఆరక, గాలి ఆడక, ఎర్రబడి పుండు పడుతుంది. అంతవరకు వచ్చిన బొచ్చును దువ్వెనతో లాగి విడదీయడం కుక్కకు చాలా బాధ కలిగిస్తుంది గనుక, గొరిగేయడమే దయగల పద్ధతి. అందువల్ల మొత్తం గొరిగినందుకు ఆ పార్లర్‌ను నేను తప్పుపట్టను. ముందుగా మీకు చూపించి, మీరు సరేనన్నాకే మొదలుపెట్టకపోవడం మాత్రం ముమ్మాటికీ తప్పే. చంకల్లో కందడానికి వేడెక్కిన బ్లేడు కారణం కావచ్చు, అట్ట కింద ముందే ఉన్న మంట బయటపడి ఉండవచ్చు. రెండు రోజుల్లో తగ్గకపోయినా, తడిగా మారినా, కుక్క అక్కడే పదేపదే నాకుతున్నా పశువైద్యుడికి చూపించండి.

ఇక మీ చేతిలో ఉన్న పని గురించి చెబుతాను. సన్నటి తీగలున్న స్లిక్కర్ బ్రష్ ఒకటి, స్టీలు దువ్వెన ఒకటి ఉంటే చాలు. చాలామంది పైపైన బ్రష్ తిప్పి, బొచ్చు మెరుస్తోంది కదా అని తృప్తిపడతారు. చర్మాన్ని ఆనుకుని ఉన్న చిక్కు అలాగే మిగిలిపోతుంది. ఒక చేత్తో బొచ్చును పైకి పట్టి, పాయలు తీస్తూ, కింది వరుస నుంచి మొదలుపెట్టి చర్మం దాకా దువ్వాలి, అయితే తీగలు చర్మానికి గట్టిగా గీసుకోకూడదు. చివర స్టీలు దువ్వెన మొదలు నుంచి కొస దాకా ఎక్కడా ఆగకుండా వస్తేనే దువ్వడం పూర్తయినట్టు. రోజూ పది పదిహేను నిమిషాలు పడుతుంది. స్నానానికి ముందు మాత్రం ఇది తప్పనిసరి.

మూడు నాలుగు వారాలకోసారి స్నానం కూడా మీరు నిస్సంకోచంగా ఇంట్లోనే చేయించవచ్చు. మన చర్మం కాస్త ఆమ్ల గుణంతో, పీహెచ్ 5.5కు అటూ ఇటూగా ఉంటుంది. కుక్క చర్మం 7కు దగ్గరగా ఉంటుంది. కాబట్టి మన షాంపూ, పాత్రలు తోమే ద్రవం, బట్టల సబ్బు దానికి పనికిరావు, కుక్కల షాంపూయే వాడాలి. గోరువెచ్చని నీళ్లు పోసి, నురుగు పూర్తిగా పోయేదాకా కడగాలి. మీకు వచ్చేది ఉప్పటి బోరు నీళ్లయితే చివరి రెండు చెంబులైనా మెట్రో నీళ్లు, అంటే నగర కుళాయి నీళ్లు పోయండి. షాంపూ అవశేషమే స్నానం తరువాతి దురదలకు తరచుగా కారణమవుతుంది. తువ్వాలుతో రుద్దితే మళ్లీ చిక్కు పడుతుంది, అద్ది తుడవాలి. ఆపైన తక్కువ వేడి మీద డ్రయ్యర్ పట్టి, దువ్వుతూ చర్మం దాకా ఆరబెట్టాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టిన రోజుల్లో ‘అదే ఆరుతుందిలే’ అని వదిలేస్తే శిలీంధ్రాలకు ఆహ్వానం పలికినట్టే. కుక్క చెవి నాళం లోపల వంపు తిరిగి ఉంటుంది కాబట్టి ఇయర్ బడ్ పెడితే మురికి ఇంకా లోపలికి పోతుంది. బయటికి కనిపించే భాగాన్ని మాత్రం దూదితో తుడవండి.

క్లిప్పర్ విషయంలో మీ భయం సరైనదే. 10వ నంబరు బ్లేడు సుమారు 1.5 మిల్లీమీటర్ల బొచ్చు మిగులుస్తుంది, నంబరు పెరిగేకొద్దీ ఇంకా పొట్టిగా కోస్తుంది. మిషన్ నడుస్తున్నకొద్దీ బ్లేడు వేడెక్కుతుంది. చంక దగ్గర, పక్కల దగ్గర, చెవి అంచున చర్మం పలచగా మడతపడి ఉండి బ్లేడు పళ్ల మధ్యలోకి సులభంగా దూరుతుంది. ఎప్పటికప్పుడు బ్లేడును మణికట్టుకు తాకించి వేడి చూసుకోవడం, చర్మాన్ని సాగదీసి పట్టడం, కుక్క ఎప్పుడు కదలబోతోందో ముందే గ్రహించడం వీడియోతో వచ్చే విద్యలు కావు. పైగా షిట్జూ కళ్లు ఉబ్బెత్తుగా బయటికి ఉంటాయి. కత్తెర మొన తగిలినా, షాంపూ పడినా నల్లగుడ్డు మీది పొరకు పుండు పడుతుంది. ముఖం దగ్గర కత్తెర పని ఇంట్లో చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. అదేవిధంగా, చర్మానికి అంటుకున్న ఉండను కత్తెరతో ఎప్పుడూ కత్తిరించకండి. ఉండను లాగినప్పుడు చర్మం కూడా దానితోపాటు పైకి లేస్తుంది. ఏది బొచ్చో ఏది చర్మమో కంటికి తెలియదు. అలా తెగి కుట్లు వేయించుకోవడానికి ఆసుపత్రికి వచ్చే కుక్కలు తక్కువేమీ కాదు. మీవారికి నిజంగా నేర్చుకోవాలన్న ఆసక్తి ఉంటే, పని చూడనిచ్చే గ్రూమర్ పక్కన కొన్నిసార్లు నిలబడి చూసి, పాదాల కింద మెత్తల మధ్య పెరిగే బొచ్చును మొన లేని చిన్న కత్తెరతో తీయడంతో మొదలుపెట్టవచ్చు.

ఖర్చు సంగతికొస్తే, రోజూ దువ్వి, స్నానం ఇంట్లో చేయించి, బొచ్చును పొట్టిగా ఒకే పొడవుకు కత్తిరించమని అడిగితే, నెలకోసారి కాకుండా 6 నుంచి 8 వారాలకోసారి పార్లర్‌కు వెళ్లినా సరిపోతుంది. మిగిలే డబ్బు క్లిప్పర్ కొని ఆదా చేసేదానికి ఏమాత్రం తీసిపోదు.

మీకు వేరే గ్రూమర్‌ను వెతకాలనిపిస్తే, పని జరిగే చోటు అద్దం వెనుక నుంచైనా కనిపించాలని పట్టుబట్టండి. పశువైద్యుడికి ఉన్నట్టు గ్రూమర్‌కు మన దేశంలో చట్టబద్ధమైన రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి మీ కళ్లే మీకు ఆధారం. టీకాల పుస్తకం అడిగే పార్లర్‌ను విసుక్కోకండి, అడగని పార్లర్‌నే అనుమానించండి. ఒక కుక్కకూ ఇంకో కుక్కకూ మధ్య బ్లేడు, దువ్వెన శుభ్రం చేస్తున్నారా, మెడకు తాడు వేసి టేబుల్ మీద నిలబెట్టిన కుక్కను వదిలి పక్కకు వెళ్తున్నారా అన్నవి చూడండి. ఇంకొక్క విషయం చాలా ముఖ్యం. షిట్జూ, పగ్ వంటి పొట్టి ముక్కు కుక్కలను వేడిగాలి వచ్చే పెట్టెలో ఉంచి ఆరబెట్టడానికి ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోకండి. వాటికి రొప్పి వేడి తగ్గించుకునే శక్తి తక్కువ కాబట్టి, ఆ పెట్టెలో వడదెబ్బ తగిలి ప్రాణం పోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: మా గోల్డెన్ రిట్రీవర్‌కు ఐదేళ్లు. మే నెల వచ్చిందంటే రోజంతా బాత్రూమ్ నేల మీద పడుకుని రొప్పుతూ ఉంటుంది. అంత బొచ్చుతో ఎలా భరిస్తుందని, గుండు కొట్టించేద్దామని మా నాన్నగారు పట్టుబడుతున్నారు. గ్రూమర్ కూడా సరేనంటున్నాడు. చేయించవచ్చా?
– ఒక పాఠకుడు, వేళచ్చేరి

జవాబు: వద్దండీ. మీ నాన్నగారి జాలి అర్థం చేసుకోదగ్గదే గానీ, ఈ పని వల్ల కుక్కకు మేలు కలగదు. గోల్డెన్ రిట్రీవర్, లాబ్రడార్, పొమెరేనియన్, హస్కీ, జర్మన్ షెపర్డ్ కుక్కలకు బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. పైన గరుకైన పొడవాటి వెంట్రుకలు, కింద దూదిలాంటి మెత్తని ఉన్ని ఉంటాయి. పై పొర ఎండను నేరుగా చర్మం మీద పడనివ్వదు. కుక్క మనలా ఒళ్లంతా చెమట పట్టించి చల్లబడదు. ప్రధానంగా రొప్పడం ద్వారానే వేడిని వదులుకుంటుంది కాబట్టి, గుండు చేసినంత మాత్రాన దాని ఒళ్లు చల్లబడుతుందనుకోవడం పొరపాటు. పైగా చర్మం ఎండకు కమిలిపోతుంది. కొన్ని కుక్కల్లో తిరిగి వచ్చే బొచ్చు నెలల తరబడి అతుకులు అతుకులుగా, రంగు తేడాగా పెరుగుతుంది, కొన్నింటిలో కొన్ని చోట్ల చాలాకాలం రానే రాదు. చర్మవ్యాధికో శస్త్రచికిత్సకో వైద్యుడు గొరగమన్నప్పుడు గొరగాల్సిందే. అది వేరే సంగతి.

నిజంగా ఉక్కపోతకు కారణమయ్యేది ఊడిపోయి బయటికి రాకుండా లోపలే ఇరుక్కున్న ఉన్ని. దాన్ని తీసే ప్రత్యేకమైన రేక్ దువ్వెనలు పెట్ షాపుల్లో దొరుకుతాయి. బొచ్చు బాగా రాలే కాలంలో వారానికి మూడు నాలుగుసార్లు బాల్కనీలో కూర్చోబెట్టి దువ్వితే గాలి చర్మం దాకా ఆడుతుంది. ఇక్కడే గ్రూమర్‌కు ఇచ్చే డబ్బుకు కూడా న్యాయం జరుగుతుంది. ఎక్కువ ఒత్తిడితో గాలి చిమ్మే బ్లోయర్ వాళ్ల దగ్గర ఉంటుంది, ఒక్క పూటలో అది దులిపే ఉన్ని మన చేతి దువ్వెనకు అనేక రోజుల పని. అగ్ని నక్షత్రం (మే నెలలో ఎండలు మండిపోయే రోజులు) మొదలవకముందే, ఏప్రిల్‌లోనే ఒకసారి ఆ పని చేయించండి. పొట్ట అడుగున, పాదాల దగ్గర, తోక కింద కాస్త కత్తిరించమనడంలో తప్పులేదు. గుండు వద్దన్న మాటను చీటీ మీద రాసి ఇచ్చినా మంచిదే. ఎందుకంటే కౌంటరు దగ్గర విన్నవారూ లోపల పని చేసేవారూ ఒకరే కాకపోవచ్చు.

రొప్పుతూ చొంగ కారుస్తూ, తూలుతూ, చిగుళ్లు ముదురు ఎరుపుగా కనిపిస్తే మాత్రం అది బొచ్చు సమస్య కాదు, వడదెబ్బ. కుక్కకు మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. 104 దాటితే వెంటనే నీళ్లతో తడిపి, ఫ్యాను గాలి తగిలేలా ఉంచి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ప్రశ్న: మాది రాజపాళయం కుక్క. బొచ్చు పొట్టిదే కాబట్టి పార్లర్ అవసరం రాలేదు. కానీ గోళ్లు పెరిగి నేల మీద టకటకమంటున్నాయి. ఇంట్లో తీయవచ్చా?
– ఒక పాఠకుడు, తాంబరం

జవాబు: తీయవచ్చు. రాజపాళయం, చిప్పిపారై, మన వీధుల్లోని నాటు కుక్కలు, వీటన్నింటికీ వారానికోసారి రబ్బరు బ్రష్‌తో రుద్ది, అవసరమైనప్పుడు స్నానం చేయిస్తే చాలు. బొచ్చు కోసం గ్రూమర్‌కు డబ్బివ్వాల్సిన పనే లేదు. గోళ్లకు మాత్రం శ్రద్ధ కావాలి. లేత రంగు గోటిలో రక్తనాళమూ నరమూ ఉన్న గులాబీ భాగం బయటికి కనిపిస్తుంది, దానికి రెండు మిల్లీమీటర్ల ఇవతలే ఆపండి. నల్ల గోరైతే కొసల నుంచి పలుచగా చెక్కుతూ వెళ్లాలి. కోసిన చోట మధ్యలో చిన్న ముదురు చుక్క కనిపించగానే ఆగిపోవాలి. పొరపాటున రక్తం వస్తే దాన్ని ఆపే స్టిప్టిక్ పొడిగానీ, అది లేకపోతే కార్న్‌ఫ్లోర్ గానీ అద్ది కొన్ని నిమిషాలు నొక్కి పట్టండి. ముందరి కాళ్లకు లోపలివైపు, కాస్త పైన ఉండే బొటన గోరు నేలకు తగలదు కాబట్టి అరగక, వంకరగా పెరిగి మాంసంలోకి దిగుతుంది. అందరూ మరచిపోయేది దాన్నే. కుక్క కాలు పట్టనివ్వకుండా మూతి తిప్పి గుర్రుమంటే, నలుగురు కలిసి అదిమిపట్టే ప్రయత్నం చేయకండి. కొన్ని వారాలపాటు కాలు ముట్టుకోవడం, తినడానికి ఏదైనా ఇవ్వడం అలవాటు చేసి, ఈలోగా గోళ్లు ఆసుపత్రిలో తీయించండి.

ప్రశ్న: అమ్మా, మా పర్షియన్ పిల్లికి 12 ఏళ్లు. ఎప్పుడూ ఒళ్లు నాక్కుంటూ శుభ్రంగా ఉండేది. ఈమధ్య నడుము మీద బొచ్చంతా అట్టకట్టింది, దువ్వబోతే కరుస్తోంది. ఇంటికి వచ్చిన గ్రూమర్, కొద్దిగా మత్తు ఇచ్చి గొరిగేస్తానన్నాడు. నేను, మా ఆవిడ ఇద్దరమే ఉంటాం. ఒప్పుకోమంటారా?
– ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: అయ్యా, దయచేసి ఒప్పుకోకండి. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది అట్టకట్టిన బొచ్చు కాదు, ‘ఎప్పుడూ శుభ్రంగా ఉండేది’ అన్న మాట. ఆరోగ్యంగా ఉన్న పిల్లి మెలకువగా ఉన్న సమయంలో చాలా భాగం తనను తాను నాక్కుని శుభ్రం చేసుకోవడానికే వెచ్చిస్తుంది. పర్షియన్ బొచ్చుకు మనం రోజూ దువ్వడం కూడా తోడు కావాలన్నది నిజమే. అయితే అన్నేళ్లు నెట్టుకొచ్చిన ముసలి పిల్లి ఉన్నట్టుండి నడుము దగ్గర నాక్కోవడం మానేసిందంటే, అక్కడికి మెడ తిప్పడం కష్టమవుతోందని అనుమానించాలి. కీళ్లనొప్పి, పంటి నొప్పి, మూత్రపిండాల జబ్బు, ఒళ్లు పెరగడం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. దువ్వబోతే కరవడం కూడా పొగరు కాకపోవచ్చు, నొప్పి కావచ్చు.

మత్తు ఇవ్వడం రిజిస్టరైన పశువైద్యుడు చేయాల్సిన పని. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ఉన్నదే ఇలాంటి పనులు అర్హులైనవారి చేతుల్లో ఉండటానికి. పర్షియన్ పిల్లికి ముక్కు అణిగి ఉండటం వల్ల శ్వాసమార్గం ఇరుకు. 12 ఏళ్ల వయసులో గుండె, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో రక్తపరీక్ష లేకుండా ఎవరూ చెప్పలేరు. శ్వాస ఆగితే ఆక్సిజన్ ఇచ్చే ఏర్పాటు మీ ఇంటి హాలులో ఉండదు. ఆ గ్రూమర్ మంచి ఉద్దేశంతోనే అని ఉండవచ్చు, అయినా ఇది ఆయన చేయకూడని పని.

మీకు దగ్గరలోనే వేపేరిలో 1903లో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. అక్కడికైనా, మీకు నమ్మకమున్న పశువైద్యుడి దగ్గరికైనా తీసుకెళ్లండి. ముందు పరీక్షలు చేయించండి. అవసరమైతే వారి పర్యవేక్షణలో మత్తు ఇచ్చి, అదే సమయంలో పళ్లను కూడా చూసి, అట్టను క్లిప్పర్‌తో తీయించవచ్చు. పిల్లి చర్మం కుక్క చర్మం కంటే పలచన, కాగితం చిరిగినట్టు చిరుగుతుంది. కాబట్టి అప్పటిదాకా ఇంట్లో కత్తెర పట్టకండి, స్నానం కూడా చేయించకండి. నొప్పికి చికిత్స మొదలయ్యాక, అది మీ ఒళ్లో ప్రశాంతంగా కూర్చున్నప్పుడు రోజుకు రెండు నిమిషాల చొప్పున, తల, మెడ, గడ్డం కింద వంటి దానికి ఇష్టమైన చోట్ల మొదలుపెట్టి మెత్తగా దువ్వండి. ఈ పని మీ దంపతులు చేసినంత ఓపికగా బయటివారు చేయలేరు.

ప్రశ్న: మా లాబ్రడార్‌కు పిడుదులు విపరీతంగా పట్టాయి. పార్లర్‌లో ‘టిక్ బాత్’ చేయిస్తే వారం తిరిగేసరికి మళ్లీ వచ్చాయి. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాస్తే పోతాయని మా అత్తగారు చెబుతున్నారు. ఏది నయం?
– ఒక పాఠకురాలు, అంబత్తూరు

జవాబు: రెండూ సరిపోవమ్మా. కర్పూరం అయితే అసలే వద్దు. మనకు కీళ్లనొప్పులకు అలవాటైన మందే కదా అని మీ అత్తగారు చెప్పి ఉంటారు. కానీ కర్పూరం కుక్కకు చర్మం గుండా ఎక్కుతుంది, నాక్కున్నప్పుడు కడుపులోకీ పోతుంది. వాంతులు, వణుకు, మూర్ఛ దాకా తీసుకొస్తుంది. టీ ట్రీ నూనె, కిరోసిన్ కూడా అంతే ప్రమాదం.

టిక్ బాత్ ఆ రోజు ఒంటి మీద ఉన్నవాటిని చంపుతుంది. అయితే కుక్కలకు పట్టే గోధుమరంగు పిడుదు తన జీవితంలో ఎక్కువ కాలం కుక్క మీద ఉండదు. గోడ పగుళ్లలో, తలుపు చట్రాల వెనుక, కుక్క పడుకునే గోనెసంచి కింద దాక్కుంటుంది. రక్తం తాగి ఉబ్బిన ఒక్క ఆడ పిడుదు అక్కడ వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. కాబట్టి పడకబట్టలను వేడినీళ్లలో ఉతకడం, పగుళ్లను పూడ్చడం మీ వంతు. కుక్కకు నెలకోసారో, మూడు నెలలకోసారో ఇచ్చే మాత్రగానీ, మెడ మీద వేసే చుక్కల మందుగానీ వైద్యుడు రాయాలి. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉంటే మాత్ర రాయకముందే చెప్పండి. చుక్కల మందు వేయడానికి ముందు, వేసిన తరువాత 48 గంటలపాటు షాంపూ స్నానం వద్దు. ఆ సంగతి గ్రూమర్‌కు చెప్పకపోతే మందు కాస్తా నీళ్లపాలవుతుంది. ఇంట్లో పిల్లి కూడా ఉంటే పర్మెత్రిన్ ఉన్న కుక్కల మందు తేకండి, అది పిల్లికి ప్రాణాంతకం.

రోజూ సాయంత్రం చెవుల లోపల, వేళ్ల సందుల్లో, బెల్టు కింద వేళ్లతో తడిమి చూడండి. పిడుదు కనిపిస్తే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలి తిప్పకుండా నిటారుగా లాగి, సబ్బు నీళ్లలోనో స్పిరిట్‌లోనో వేయండి. గోటితో చిదమకండి. ఇంత విపరీతంగా పట్టిన కుక్కకు ఎర్లికియా, బబేసియా వంటి పిడుదు జ్వరాలు వచ్చి ఉండే అవకాశం ఉంది. తిండి తగ్గినా, నీరసంగా పడుకున్నా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం వచ్చినా ఇంకో టిక్ బాత్ కోసం చూడకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఇవేవీ కనిపించకపోయినా, పార్లర్‌కు ఇవ్వదలచిన డబ్బును ఈ నెల రక్తపరీక్షకు కేటాయించండి.